నల్ల వైరు బోల్టు

బావగారికి,

ఈ ఉత్తరంలో నా ఘనత కాస్త ఎక్కువైనట్టు అనిపిస్తే, నిజం తప్ప మరొకటి రాయడం చేతకాని ఈ అల్పుణ్ణి పెద్దమనసుతో క్షమించండి. ముందు శుభవార్త: మీకు అమ్మాయి పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

నిన్న మధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. కారులో కూర్చోబెట్టి తాళం తిప్పితే అది టిక్కుమని ఊరుకుంది. మీరు ఓడ ఎక్కేముందు, నా సలహా మీదే కొత్త స్టార్టర్ మోటారు వేయించారు కదా, దానికీ పాతదాని బుద్ధులే వచ్చాయి. ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. నేను బానెట్ ఎత్తి, మీటరు పెట్టి, బ్యాటరీని శాస్త్రోక్తంగా పరీక్షించాను. అది భేషుగ్గా ఉంది.

"ఒరేయ్ ఇంజనీరూ, నీ పరీక్షలయ్యేసరికి కడుపులో ఉన్నవాళ్లకి స్కూలుకెళ్లే వయసొస్తుంది. బ్యాటరీ నల్ల వైరు బాడీకి బిగించిన చోట కదిపి చూడరా," అంది అక్క పళ్లబిగువున.

కదిపితే బోల్టు పాలపన్నులా ఊగింది. స్పానరుతో బిగించాను. ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఆస్పత్రి చేరిన ఇరవై నిమిషాలకు మేనకోడలు కేక పెట్టింది.

కారు బాగుచేసింది నేనేనని ఇక్కడందరూ మెచ్చుకుంటున్నారు. నేను కాదనలేదు.

పాత మోటారు మొరాయించడానికి ముందు, కారులో స్పీకర్లు పెట్టేటప్పుడు ఆ బోల్టు విప్పి, వేళ్లతో బిగించి వదిలేసినవాడు కూడా,
మీ బావమరిదే.