సహజంగా అరిగిపోయే భాగాలు

ఆదివారం

అక్కా,

నీ మోకాలు ఎలా ఉందని ముందు అడగాలి. ఈ ఒక్కసారికి నా సంగతి ముందు చెప్పనీ. మేం కారు కొన్నాం.

వేళాకోళం కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరెవరి కార్లో మా షెడ్డులోకి వచ్చి బాగుపడి వెళ్ళిపోవడమే గానీ, మాదంటూ ఒకటి లోపల ఉండిపోవడం ఇదే మొదలు. పాతదేలే, ఎనిమిదేళ్ళ బండి. నీలం రంగు. ముదురు నీలం కాదు, వాన వెలిశాక మబ్బుల మధ్య జానెడు ఆకాశం కనబడుతుంది చూడు, ఆ నీలం. మధ్యాహ్నం రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడినప్పుడు అది నీళ్ళ అడుగున నిద్రపోతున్న చేపలా ఉంటుంది. వంటయ్యాక వెళ్ళి ఊరికే అందులో కూర్చుంటున్నాను. అద్దాలు ఎత్తేస్తే లోకం ఎటో వెళ్ళిపోతుంది. కళ్ళు మూసుకుంటే మీ ఊరి దారి వచ్చేస్తుంది. నువ్వు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటావు. నేను దిగకుండానే "ఇదా రావడం?" అని తిడతావు. నీ తిట్టు వినడానికే కొన్నాననుకో.

పాత కార్ల షాపుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. మీ మరిది సంగతి నీకు తెలుసుగా. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకుని, కళ్ళు మూసుకుంటారు. అందుకే కదా వీధంతా ఆయన్ని డాక్టరు అంటుంది. షాపులోనూ అలాగే చేశారు. ఆ తర్వాత అరచెయ్యి ఇంజన్ మీద చాలాసేపు ఉంచి, "గుండె గట్టిది. తీసుకుందాం" అన్నారు.

షాపు అమ్మాయి కాగితాలు తెచ్చి, ఈయన ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పింది. "ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకోండి అంకుల్. రెండేళ్ళు ఇంజన్‌కి ఏమైనా మాదే పూచీ. మీకు చింత ఉండదు."

ఈయన పెద్దగా నవ్వారు. "మెకానిక్కుకి వారంటీ అమ్ముతావా తల్లీ? చేపకి ఎవరైనా ఈత క్లాసు పెడతారా?"

"చేపకీ జలుబు చేస్తుందేమో అంకుల్" అంది ఆ పిల్ల, గడుసుది. నాకు నవ్వొచ్చింది. పది రోజుల్లోపు ఎప్పుడైనా సంతకం పెట్టి ఇవ్వొచ్చని ఆ ఫారం నా చేతికిచ్చింది.

ఇక అసలు సంగతి. ఆ ఇంజన్లో ఒక చప్పుడుంది అక్కా. టిక్కుటిక్కుమని, నూనె అయిపోయిన కుట్టుమిషను సూదిలా. షెడ్డు పక్క కిటికీ దగ్గర కూరలు తరుగుతూ ఇన్నేళ్ళు విన్నదాన్ని, ఆయనే ఒక్కో చప్పుడికీ పేరు చెప్పి నేర్పితే నేర్చుకున్నదాన్ని, నాకు తెలియదా? ఆయన వెనక నిలబడి, "ఏమండీ, టిక్కుటిక్కుమంటోంది" అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను. షాపు అమ్మాయి తిరిగి చూసింది. ఈయన చూడలేదు.

ఇది ఒక్కరోజు మాట కాదు. నీకు ఇంతవరకూ రాయలేదు. మూడేళ్ళయింది, నా మాట ఆయనకు పట్టడం లేదు. టాక్సీ నడిపే బాబాయి గేటు దగ్గరినుంచి ఒక కేక పెడితే చాలు, పలుకుతారు. నేను పక్కన కూర్చుని పొద్దుటినుంచి దాచుకున్న కబురు చెబితే గోడవైపు చూస్తూ తల ఊపుతారు. ఏం చెప్పానో అడిగితే తెలియదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా కాపురం. నా మీద మనసు విరిగిందేమో. యాభై ఏళ్ళదాని కబుర్లు ఎవరికి కావాలి? రోజూ దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఒక్కటే అడుగుతున్నాను, ఆయన చెవిన నా మాట పడేలా చెయ్యి తండ్రీ అని.

ఇప్పుడీ వారంటీ తీసుకుందామని చెప్పాలన్నా నాకు నోరు రావడం లేదు. చెబితే మాత్రం వింటారా?

నువ్వు చిన్నప్పుడు పెట్టిన పేరుకి తగ్గట్టే మిగిలిపోయిన
నీ గుసగుస


గురువారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. "మూడేళ్ళు లోపల కుక్కుకుని కూర్చున్నావా, వెళ్ళి మరిదిని నిలదీసి అడుగు" అని రాశావు. అడగలేదు. అడిగే పని లేకుండా పోయింది. ఎలాగో చెబుతాను, తిట్టకుండా చదువు.

నిన్న మధ్యాహ్నం కారులో కూర్చున్నాను. అద్దాలు పూర్తిగా ఎత్తి ఉన్నాయి. బయట సన్నగా వాన మొదలైంది, రేకుల మీద పడుతున్నట్టు తెలుస్తోంది గానీ చప్పుడు లేదు. షెడ్డు నేల మీద ఒలికిన ఆయిల్లో ఏడు రంగులూ మెల్లగా సాగుతున్నాయి. నాకు సగం నిద్ర, సగం మెలకువ. మీ ఊరి దారిలో ఎక్కడో ఉన్నాను. అప్పుడు ఆయన తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ నావైపు తిరిగి ఏదో అన్నారు. పెదాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారు కూడా. అద్దం ఇవతల నాకు ఒక్క ముక్క వినబడలేదు.

నేనేం చేశానో తెలుసా? నవ్వి తల ఊపాను.

ఊపాక, నేను ఊపిన తీరు ఎక్కడో చూసినట్టనిపించింది. ఆ ఊపు నాది కాదు, ఆయనది. మూడేళ్ళుగా నేను చూస్తున్న ఊపు. వినబడనివాళ్ళు, వినబడలేదని చెప్పలేనివాళ్ళు ఊపే ఊపు. అక్కా, ఆయన మనసు విరగలేదు. ఆయన అద్దం అవతల ఉన్నారు.

దిగి వెళ్ళి ఆయన వెనక నిలబడి, మామూలుగా నేను మాట్లాడే గొంతుతో, "మంచినీళ్ళు తెమ్మంటారా?" అన్నాను. టవలు తీసుకుని చేతులు తుడుచుకుంటూ ఉండిపోయారు. లోపలికొచ్చి, దేవుడి ముందు కూర్చుని, ఇన్నాళ్ళూ మొక్కిన మొక్కుకి సిగ్గుపడ్డాను. నీకు రాసిన శంఖం మాట తలుచుకుంటే చెయ్యి కాలినట్టుంది. ఆ ఉత్తరం పొయ్యిలో పడెయ్యి.

అన్నీ ఒక్కొక్కటిగా కలుస్తున్నాయి. మొన్న టాక్సీ బాబాయి అననే అన్నాడు, "ఏంటమ్మా, మన డాక్టరు చెవి మానేసి నాడి పట్టుకుంటున్నాడు?" అని. ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నారని వేళాకోళం. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు, ఎందుకో తెలియకుండానే. మగవాళ్ళ కేకలు వినబడతాయి, మోటు చప్పుళ్ళు వినబడతాయి. సన్నటివి పోయాయి. ఆ టిక్కుటిక్కూ, నా గొంతూ.

ఇక వారంటీ ఫారం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, చిన్న అక్షరాలు కూడా చదివాను. ఇంజన్ పాడైతే బాగుచేస్తారట. కానీ వాళ్ళ వర్క్‌షాపు మనిషి తప్ప ఇంకెవరు ఇంజన్ మూత విప్పినా వారంటీ చెల్లదట. అంటే ఈయన జన్మకి మొదటిసారి కొనుక్కున్న కారు మీద ఈయనే చెయ్యి వెయ్యకూడదు. దాని కింద ఇంకో వాక్యం: సహజంగా అరిగిపోయే భాగాలకు ఈ పూచీ వర్తించదు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

తీసుకుంటే, మీ చెవి మీద నాకు నమ్మకం లేదని ఆయన మొహం మీద చెప్పినట్టు. తీసుకోకపోతే, మీ ఊరి దారిలో ఎక్కడో ఆ టిక్కు పెద్దదై బండి ఆగిపోతే, డాక్టరు కొన్న బండే ఆగిపోయిందని నలుగురూ నవ్వితే, ఆయన ఇంక స్క్రూడ్రైవరు పట్టుకోరు. నాకు తెలుసు. శనివారంతో గడువు అయిపోతుంది.

గట్టిగా అరిచి చెప్పడం నాకు చేతకాదు. అరిచి చెప్పే మాటా కాదు ఇది. అందుకే నీకు రాసినట్టే ఆయనకీ రాస్తాను. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. ఉత్తరానికి గొంతుతో పని లేదు కదా.

నీ
గుసగుస


శుక్రవారం

ఏమండీ,

పెళ్ళైన కొత్తలో పుట్టింటినుంచి మీకు రెండు ఉత్తరాలు రాశాను. ఇది మూడోది. మీ పనిముట్ల పెట్టెలో, పొడుగాటి స్క్రూడ్రైవరు కింద పెడుతున్నాను. పొద్దున అది తీస్తారని తెలుసు.

మన కారు ఇంజన్లో టిక్కుటిక్కుమని చప్పుడుంది. షాపులోనే విన్నాను. మీ వెనక నిలబడి రెండుసార్లు చెప్పాను. మీకు వినబడలేదు. నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఆ రోజే కాదు, మూడేళ్ళుగా వస్తూనే ఉంది. నా మాటంటే మీకు విసుగనుకున్నాను. అక్కకి రాసుకుని ఏడ్చాను. మీకు వినబడదని మొన్న బుధవారం తెలిసింది. ముందే తెలియనందుకు నన్ను క్షమించండి. ఇరవై ఎనిమిదేళ్ళు పక్కన ఉండి తెలుసుకోలేకపోయాను.

వారంటీ ఫారం దీనితోనే ఉంది. రేపే ఆఖరు. సంతకం పెట్టమనడం లేదు, వద్దనీ అనడం లేదు. పెడితే మీ పనితనం మీద నాకు నమ్మకం పోయిందని మాత్రం అనుకోకండి. పెట్టకపోతే ఒక్క మాట వినండి. ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి నాకు చప్పుళ్ళు నేర్పింది మీరే. "ఇది వాల్వు, ఇది బేరింగు, ఇది ఊరికే అరిచే బెల్టు" అనేవారు. ఏదీ మరిచిపోలేదు. స్క్రూడ్రైవరు మీరు పెట్టండి. పిడి దగ్గర చెవి నేను పెడతాను. వీధిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మీరు ఒప్పుకుంటే చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్దాం. ఒప్పుకోకపోతే దేవుడి మీద భారం వేసి మళ్ళీ రాస్తాను.

మీ
ఇంటావిడ


శనివారం

ఏమోయ్,

నాకు రాయడం అలవాటు లేదు. వేరే కాగితం దొరకలేదు. ఈ ఫారం వెనక రాస్తున్నాను. ఆయిల్ మరకలకి ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఇంత మాట్లాడతావని మరిచిపోయాను. మొదట్లో నువ్వే నాతో మాటలు మానేశావనుకున్నాను. ఏడాది పట్టింది, మానేసింది నా చెవులని తెలియడానికి. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరుకి చెవుడంటే ఎవడు వస్తాడు షెడ్డుకి?

ఆ టిక్కు షాపులోనే నా చేతికి తెలిసింది. చెవికి కాదు, చేతికి. చిన్న జబ్బే, వాల్వు దగ్గర సందు పెరిగింది. అందుకే గుండె గట్టిదన్నాను, అబద్ధం కాదు. ఇంటికొచ్చి గంటలో సరిచెయ్యొచ్చు. చెయ్యలేదు. నీకు వినబడుతుందని తెలుసు. నువ్వు ఆ మాట ఎత్తితే, నాకు వినబడలేదే అని అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నువ్వు అంటావని వారం పైగా చూశాను. నువ్వు షాపులోనే రెండుసార్లు అన్నావని ఇప్పుడు చదివాకే తెలిసింది.

వారంటీ సంగతి అయిపోయింది. పొద్దున్నే మూత విప్పాను. ఇంక వాళ్ళు ఇస్తామన్నా చెల్లదు. సందు సరిచేసి మళ్ళీ మూత బిగించాను. సోమవారం డాక్టరుని డాక్టరు దగ్గరికి ఈ బండిలోనే తీసుకెళ్దువుగాని. ఆపై ఆదివారం మీ అక్క తిట్లు తినొద్దాం.

కానీ ఒక పని మిగిలింది. టిక్కు ఆగిందని చెయ్యి అంటోంది. చెయ్యి మాట సగమే నమ్ముతాను. ఇంజన్ ఆపలేదు, షెడ్డులో నడుస్తూనే ఉంది. పొయ్యి కట్టేసి వచ్చి విను. ఆగిందో లేదో నువ్వు చెప్పాలి. అరవక్కర్లేదు. నాకు ఎదురుగా నిలబడి చెప్పు.

నీ
డాక్టరు