ఒంటితలుపు రైలు, మిగతా ఆస్తి

రైల్వే షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, పూర్తి తెలివిలో ఉండి, నా సొంత దస్తూరితో రాసుకున్న వీలునామా ఇది. రాసేటప్పుడు నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. మా ఆవిడ మాత్రం రెండుసార్లు వచ్చి "ఇంకా అవలేదా, భోజనం చల్లారిపోతోంది" అంది. దాన్ని బలవంతం కింద లెక్కించనక్కర్లేదని దస్తావేజుల రైటరుగారు చెప్పారు. ఒంట్లో బాగానే ఉంది. కళ్ళజోడు పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కించగలను. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు కాబట్టి రద్దు చేయవలసినది ఏమీ లేదు.

ఇల్లూ వాకిలీ పంచటానికైతే అర కాగితం సరిపోయేది. ఇంత రాయవలసి వచ్చింది రైలు వల్ల. నేను చేసిన చిన్న రైలు నా దగ్గర ఉంది. అది నడవవలసిన పట్టాలు మా బావమరిది దగ్గర ఉన్నాయి. మా ఇద్దరి పంతాలతో ఏళ్ళ తరబడి అది ఒక్క చుట్టు కూడా తిరగలేదు. నా తదనంతరమైనా అది తిరగాలని నా కోరిక.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, వెనక రేకుల పాక, కూరగాయల దొడ్డితో సహా, నా తదనంతరం నా భార్య తన జీవితకాలం సర్వహక్కులతో అనుభవించవలసినది. ఆమె తరువాత మా అమ్మాయిలిద్దరికీ సమానంగా చెందుతుంది. వంటింట్లో పైకప్పు కారే చోటు గురించి మా ఆవిడ ఇల్లు కట్టిన ఏడాదే చెప్పింది. చేస్తానన్నాను. చేస్తాను. చెయ్యలేకపోతే ఆ కారటం కూడా ఇంటితోపాటే సంక్రమిస్తుంది.

2. నా భార్యకే ఇంకొకటి: టీ వడగట్టే కొత్త జాలి. పాతదాన్ని కత్తిరించి రైలు కప్పు మీద సామాన్లు పెట్టుకునే కటకటాలు చేశాను. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఏది కనబడకపోయినా "ముందు ఆ రైల్లో వెతకండి" అంటుంది. చాలాసార్లు అక్కడే దొరికింది కూడా. కొత్త జాలి బీరువా పై అరలో గుడ్డలో చుట్టి ఉంది. దీనికోసం నేను పోయేదాకా ఆగనక్కర్లేదు.

3. మోటార్లు చుట్టే షాపు నడుపుతున్న మా పెద్దమ్మాయికి నా పనిముట్లు, అంటే చిన్న లేతు, వైసు, ఆకురాళ్ళు అన్నీ చెందుతాయి. ఆకురాయిని ముందుకి నెట్టాలి, వెనక్కి ఈడ్చకూడదని మళ్ళీ చెప్పనక్కర్లేని మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే.

4. పెద్దల్లుడు బడిలో లెక్కలు చెబుతాడు. మంచివాడు, మాట పడడు, మాట అనడు. కానీ నేను రైలు కిటికీలు కోసే సన్న బ్లేడుతో ఒకసారి పుచ్చకాయ కోశాడు. "మామయ్యా, భలే తెగిందండీ" అని నాకూ ఒక ముక్క పెట్టాడు. తిన్నాను. కాబట్టి అతనికి నా రేడియో చెందుతుంది. పదునున్న వస్తువు ఏదీ అతనికి చెందదు.

5. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా చిన్నమ్మాయికి, రైలు చెయ్యగా మిగిలిన తుక్కు పెట్టె. నవ్వవద్దు. ఆ పెట్టెలో సగం సరుకు ఆమె తెచ్చిందే. మందు సీసాల మూతలు, సిరంజీల తొడుగులు కడిగి, ఉడకబెట్టి, ఆరబెట్టి సంచీలో వేసుకొచ్చేది. "నాన్నా, ఇది చూడు, అచ్చం బ్రేకు సిలిండరులా లేదూ?" అనేది. ఉండేది. ఏ పనికిరాని వస్తువు ఏ పనికొస్తుందో కనిపెట్టే కన్ను ఆమెది. ఆ పెట్టె ఇంకెవరికిచ్చినా చెత్తబండిలో వేస్తారు.

6. ఎదురింటి దర్జీకి, భూతద్దం బిగించిన నా టేబుల్ లైటు. రైలు కప్పు మీద గాలిగొట్టాలుగా అతికించిన టిచ్ బటన్లు ఆయన ఇచ్చినవే. "నా కళ్ళు పోయాయి, నీవి ఇంకా ఉన్నాయి, అనుభవించు" అంటూ ఇచ్చాడు. ఆయన ముక్కు మీద కళ్ళజోడు మూడేళ్ళుగా దారంతో కట్టి ఉంది. లైటుతోపాటు ఆ కళ్ళజోడుకి స్క్రూ కూడా పెద్దమ్మాయి బిగించి ఇవ్వాలి.

7. మా షెడ్డు ఫోర్‌మన్‌గారికి ఏమీ లేదు. ఈ చిన్న రైలుకి మూలమైన అసలు రైలుని షెడ్డులో కడుతున్న రోజుల్లో అందరి ముందూ "ఇది బస్సూ కాదు, రైలూ కాదు, మీ ఫిట్టరు మొహంలా ఉంది" అన్నారు. ఆయన ఎప్పుడైనా ఈ వీధిలోకి వస్తే చిన్న రైలు చూపించి, టీ ఇచ్చి పంపాలి. పంచదార ఎక్కువ వెయ్యాలి, ఆయనకి అలా ఇష్టం.

8. ఇక రైలు. తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి.

మా షెడ్డు నుంచి రాళ్ళ క్వారీ దాకా ఒక చిన్న లైను ఉండేది. ఎక్కేవాళ్ళు తక్కువ, ఇంజను తిండి ఎక్కువ. అందుకని ఒక పాత బస్సు తెప్పించి, టైర్లు పీకి, రైలు చక్రాలు బిగించాం. ఒక సరుకు పెట్టెకి కిటికీలు కోసి, లోపల బల్లలు వేసి, బస్సు వెనక తగిలించాం. దారి పొడుగునా ప్లాట్‌ఫారాలు ఒకే పక్కన ఉండటంతో తలుపులు కూడా ఆ పక్కనే పెట్టాం. రెండో పక్క ఉత్త గోడ. జనం ఒంటితలుపు రైలు అన్నారు. లైను చివర బండిని తిప్పే వీలు లేదు. పోయేటప్పుడు ముందుకి నడిచేది, వచ్చేటప్పుడు వెనక్కి నడిచేది. వచ్చేటప్పుడు పట్టాల మీద గేదె ఉందో మనిషి ఉన్నాడో చెప్పటానికి గార్డు వెనక పెట్టె కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవాడు. ఆ గార్డు ఒకరోజు నన్ను భోజనానికి వాళ్ళింటికి పిలిచాడు. వాళ్ళక్కని అక్కడ చూశాను. అలా బావమరిది అయ్యాడు.

తరువాత లైను ఎత్తేశారు. రైలు పాత ఇనుములోకి పోయింది. అలాంటి రైలు బొమ్మ ఏ కంపెనీ చెయ్యదు. చేస్తే కొనేవాళ్ళం మేమిద్దరమే. అందుకని మేం షెడ్డులో చేసిందే ఇంట్లో మళ్ళీ చేశాను. ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ బస్సు కిట్టు ఒకటి, సరుకు పెట్టె కిట్టు ఒకటి కొని, రెండింటినీ కోసి కలిపాను. కింద చక్రాలు, లోపలి మోటారు ఒక పాత ఆట రైలులోంచి తీసినవి. బస్సు కిట్టు అసలులో డెబ్బై ఆరో వంతు, పెట్టె కిట్టు ఎనభై ఏడో వంతు. అట్టపెట్టెల మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. కళ్ళజోడు లేకుండా కొన్నాను. అతికించి, రంగు వేసి, లోపల మనుషుల్ని కూర్చోబెట్టాక గాని తేడా తెలియలేదు. బావమరిది వంగి చూసి, "బావా, వెనక పెట్టెవాళ్ళు ముందు పెట్టెలోకి వస్తే పిల్లలనుకుని సగం టికెట్టు కొడతాను" అన్నాడు. ఆ రోజు మా ఆవిడతో సహా ముగ్గురం కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం. వెనక పెట్టె కింద చెక్కబద్దలు పెట్టి కొంచెం ఎత్తు పెంచాను. కప్పులు ఇంకా కలవలేదు. అసలు రైలుకీ కలవలేదు.

పట్టాలు అతను చేశాడు. ఒక పాత తలుపు చెక్క మీద గుండ్రంగా పట్టాలు పరిచి, మధ్యలో ఊరు పెట్టాడు. ఇళ్ళు, బడి, టీ కొట్టు, ఆరేసిన బట్టలు కూడా. చెయ్యి తిరిగిన పని, కాదనను. స్టేషను కూడా లోపలే పెట్టాడు. రైలు తీసుకెళ్ళి పట్టాల మీద పెట్టేసరికి తలుపులు బయటివైపు ఉన్నాయి, ప్లాట్‌ఫారం వైపు గోడ ఉంది.

"స్టేషను బయటికి జరుపు" అన్నాను.

"ఊరు లోపల, స్టేషను బయటానా? జనం పట్టాలు దాటి చావాలా? గార్డుని, నేనొప్పుకోను. నువ్వే రెండో పక్క ఇంకో తలుపు కొయ్యి" అన్నాడు.

"కోస్తే అది ఒంటితలుపు రైలెలా అవుతుంది?" అన్నాను.

రైలుని ఎత్తి, ముఖం అటు తిప్పి పెడితే తలుపులు లోపలివైపుకి వస్తాయి. ఆ సంగతి మాకిద్దరికీ తెలుసు. మా ఆవిడ పైకి కూడా చెప్పింది. కానీ తిప్పితే నేను తగ్గినట్టు, స్టేషను జరిపితే అతను తగ్గినట్టు. అసలు రైలు పుట్టాక ఎన్నడూ ముఖం తిప్పలేదు, ఇదీ తిప్పదన్నాను. రైలు చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను. అద్దాల పెట్టెలో పెట్టాను. ఆ తరువాత కూడా అతను రోజూ మా ఇంటికి వస్తున్నాడు. వర్షం గురించి, మోకాళ్ళ గురించి, లోకం గురించి మాట్లాడతాడు. అద్దాల పెట్టె వైపు చూడడు. నేనూ పట్టాల ఊసెత్తను.

కావున సదరు రైలును నా తదనంతరం మా బావమరిదికి దఖలు పరుస్తున్నాను. స్టేషనును బయటి వైపుకి జరిపిన తరువాతే అతను రైలు తీసుకువెళ్ళవలసినది.

9. పై అంశంలో చివరి వాక్యం కొట్టివేయబడినది. కాగితం మా ఆవిడ చదివింది. "బతికుండగా పట్టిన పంతం చాలదా? పోయాక కూడా వాడి నెత్తిన పెట్టిపోవాలా?" అంది. ఆ వాక్యం మీద గీత గీశాను. షరతు లేదు. స్టేషను ఎటుంటే అటే ఉండనీ, రైలుని తిప్పి పెట్టుకోనీ, అతనిష్టం. తిరిగితే చాలు.

10. ఇక్కడి నుంచి రాసేది ఈ రోజు జరిగిన దాని గురించి. రైటరుగారు పొడుగవుతోందన్నారు. కాగితం నాదే కదా అన్నాను.

సంతకాల కోసం ఇద్దరు సాక్షులు కావలసి వచ్చింది. వీధిలో తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే ఆయన ఒకరుగా ఒప్పుకున్నారు. రెండోవాడు బావమరిది. మా ఇంట్లో ఏ కాగితం మీదైనా సాక్షి అతనే. సొంత పెన్ను తెచ్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రైటరుగారు "మీరు పెట్టకూడదండీ. వీలునామాలో ఏదైనా వచ్చేవాళ్ళు సాక్షి సంతకం చెయ్యకపోవటం మంచిది" అన్నారు.

"నాకేమొస్తుంది?" అన్నాడు.

నా కళ్ళు అద్దాల పెట్టె మీదికి పోయాయి. అప్పుడు అతనూ అటు చూశాడు. పెన్నుకి మూత పెట్టాడు. లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాను. వాకిట్లోకి వచ్చి చూస్తే కూరగాయల బండి కూడా లేదు. వంకాయలు, ఉల్లిపాయలు మా అరుగు మీద కుప్పగా పోసి ఉన్నాయి. బండి ఆయన "మీ బావమరిదిగారు ఒక్క నిమిషం అన్నారండీ" అన్నారు.

తిరిగొచ్చేసరికి బండి మీద తలుపు చెక్క, దాని మీద దుప్పటి. నలుగురం పట్టి లోపలికి తెచ్చాం. దుప్పటి తీశాడు. స్టేషను బయటివైపు ఉంది. ఊళ్ళోవాళ్ళు పట్టాలు తొక్కకుండా స్టేషనుకి పోవటానికి అగ్గిపుల్లలతో మెట్ల వంతెన కూడా కట్టి ఉంది. వంతెన మీద దుమ్ము, దుమ్ము మీద సాలెపురుగు గూడు. నిన్న మొన్న కట్టింది కాదు.

"ఎప్పుడు జరిపావు?" అన్నాను.

"చాలా కాలమైంది బావా."

"చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెలుసట. తమ్ముడు ఒట్టు వేయించుకున్నాడట. ఇన్నేళ్ళు ఒక్క మాట జారలేదు. ఇదే మనిషి నా చిట్‌ఫండ్ సంగతి పక్కింటావిడకి సాయంత్రానికల్లా చెప్పింది.

రైలు తీసి పట్టాల మీద పెట్టాను. వీలునామా కోసమని అల్లుడితో కలిసి వచ్చి ఉన్న పెద్దమ్మాయి తీగలు కలిపింది. కదల్లేదు. చక్రాలకి జిడ్డు పేరుకుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచాక గుర్రుమని కదిలింది. మొదటి మలుపులోనే వెనక పెట్టె పట్టాలు తప్పింది. "ప్రయాణికులు దిగి తొయ్యవలెను" అని బావమరిది అరిచాడు. మళ్ళీ పెట్టాం. ఈసారి చుట్టు పూర్తి చేసింది. వంతెన కింద నుంచి వచ్చి, తలుపులు సరిగ్గా ప్లాట్‌ఫారానికి ఎదురుగా ఆగింది. అతను జేబులోంచి విజిలు తీసి ఊదాడు. అది షెడ్డు సొత్తు. తిరిగి ఇచ్చేశాననే చెప్పేవాడు. ఈ సంగతి రాయవద్దన్నాడు, రాశాను. దర్జీ ఎదురింట్లోంచి కొలత టేపు మెడలో వేసుకునే పరుగెత్తుకొచ్చాడు. బండి ఆయన ఉల్లిపాయలు మరిచిపోయి చుట్ల మీద చుట్లు తిప్పించారు. పెద్దల్లుడు చూస్తానని రైలు ముట్టుకోబోతే నలుగురం ఒకేసారి వద్దన్నాం.

11. కావున ఎనిమిదవ అంశం మొత్తం రద్దు. సదరు రైలును ఈ రోజు, అందరి ఎదుటా, నా బావమరిది చేతికి ఇచ్చేశాను. పుచ్చుకుంటూ "తిప్పనులే బావా" అన్నాడు. అది ఇక నా ఆస్తి కాదు, నా వారసులెవరికీ దాని మీద హక్కు లేదు. ఖాళీ అయిన అద్దాల పెట్టె మా ఆవిడ అడిగింది, ఇచ్చాను. గ్లాసులు పెట్టుకుంటుందట.

మిగతా అంశాలన్నీ రాసినవి రాసినట్టే నా తదనంతరం చెల్లుతాయి. దిద్దిన చోట్లన్నిటా నేనే సంతకం చేశాను. ఇప్పుడు బావమరిదికి ఈ కాగితం మీద వచ్చేది లేదు కాబట్టి సాక్షిగా పనికొస్తాడని రైటరుగారు ఒప్పుకున్నారు.

2024 ఆగస్టు 11, ఆదివారం, మా ఇంటి ముందుగదిలో, రైలు తిరుగుతుండగా, చదువుకుని సంతకం చేశాను.

(సంతకం)
పదవీ విరమణ చేసిన ఫిట్టరు

సాక్షులు:

మొదటి సాక్షి: (సంతకం) కూరగాయల తోపుడు బండి యజమాని.

రెండవ సాక్షి: (సంతకం) రాసినవారి బావమరిది, పదవీ విరమణ చేసిన గార్డు. ఈ వీలునామా వల్ల నాకు రావలసినది ఇంకేమీ లేదు.