ఎడమచేతి చుట్టు

నాగపూర్,
శ్రావణ శుక్రవారం పొద్దున్న

అక్కకు దుర్గ నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మీ మరిదిగారూ, పాపా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, రాణీ అందరూ బాగున్నారనుకుంటాను. అమ్మ మోకాళ్ళు ఈ వానలకి ఎలా ఉన్నాయి? నూనె రాసుకోమంటే వినదు, నువ్వే పక్కన కూర్చుని రాయి.

మొన్నేగా ఫోన్లో మాట్లాడింది, మళ్ళీ ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావు. నేను ఫోన్ ఎత్తితే ఇంట్లో అందరూ చుట్టూ చేరతారు. మంగ అయితే నా భుజం మీదుగా తల పెట్టి "అక్కగారూ, బాగున్నారాండీ" అంటుంది. ఆ మంగ గురించే నీతో చెప్పాలి. మా నర్సరీలో మొక్కలు దింపేసిన కడియం లారీ భోజనాల వేళకి తిరిగి బయలుదేరుతుంది, డ్రైవరు చేతికి ఇస్తున్నాను. రాణి చేత చదివించుకోకు. కూడబలుక్కుంటూ అయినా నువ్వే చదువుకో.

ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి గానీ మన వాన కాదక్కా. ఈ నల్లమట్టి తడిస్తే చెప్పులు వదలదు. లారీలో వచ్చిన సంచుల్లో మన ఎర్రమట్టి కనిపిస్తే గుప్పెట్లో పట్టుకుని కాసేపు అలాగే నిలబడతాను. మీ మరిదిగారు నవ్వుతారు. తిండికి లోటు లేదు, రొట్టెలు అలవాటయ్యాయి. కానీ పనసపొట్టు కూర తిని ఎన్నాళ్ళయిందో! ఆవపెట్టి నువ్వు చేసింది తలుచుకుంటే ఇప్పుడూ నోరూరుతోంది. పాప బళ్ళో మరాఠీ నేర్చింది. నేను తెలుగులో అడిగితే అది మరాఠీలో బదులిస్తుంది. మీ మరిదిగారు పొద్దున్న వెళ్తే బేరాల మీద ఊరంతా తిరుగుతారు. పగలల్లా నాతో మన మాట మాట్లాడే మనిషి మంగ ఒక్కతే. గోదారి లంకలో కలుపు తీసుకుంటున్న దాన్ని మూడేళ్ళ కిందట నువ్వే నాకు తోడుగా పంపావు. అంటు కట్టడం నేను నేర్పాను. నాకు చెల్లెలు లేని లోటు దానితో తీరింది.

ఇక అసలు సంగతి. పోయిన వారం కుండీల కోసం మా ఎదుటి వరసలో కొత్తగా పెట్టిన నర్సరీకి వెళ్ళాను. మామిడి అంటులు వరసగా పేర్చి ఉన్నాయి. ఊరికే ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అతుకు మీద కట్టే ప్లాస్టిక్ రిబ్బను ఎడమవైపుకి చుట్టి ఉంది! పక్కది చూశాను, అదీ అంతే. వరసంతా అంతే.

నీకు వేరే చెప్పాలా? లోకంలో అందరూ కుడివైపుకి చుడతారు. నీది ఎడమచేతి వాటం కాబట్టి నువ్వు అటు చుడతావు. నీ పక్కన కూర్చుని నేర్చుకున్నాను గనక నాది కుడిచెయ్యే అయినా చుట్టు మాత్రం ఎడమవైపే వస్తుంది. నా దగ్గర నేర్చుకుంది గనక మంగదీ అంతే. ఈ ఊళ్ళో ఆ చుట్టు చుట్టేవాళ్ళం ఇద్దరమే, అది నేను కాదు.

కుండీలు కొనకుండానే వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. మా దగ్గర కొనేవాళ్ళే ఎదుటికీ వెళ్తారు. కడియం చేతి అంటు అన్న ఒక్క మాట మీదే కదా మా బతుకు ఇక్కడ నడుస్తోంది. అదీ ఎదుటివాళ్ళకి ఇచ్చేస్తే మాకింకేం మిగులుతుంది? మీ మరిదిగారితో చెప్తే ఒక్కటే మాట అన్నారు. "రేపే టికెట్ తీసి బండెక్కించెయ్. నీ దగ్గర నేర్చుకుని నీ ఎదురుగానే దుకాణం పెడుతుంది." సరే అన్నాను. అన్నాను గానీ రెండు రోజులు నోరు పెగల్లేదు. షెడ్డులో పక్కపక్కనే కూర్చుని అంటులు కట్టుకున్నాం, ఒక్క మాట లేదు. పంపేస్తే రేపటి నుంచి పగలల్లా ఇలాగే ఉంటుందని తెలిసి భయమేసింది.

మూడో రోజు అడిగేశాను. "ఎదుటి నర్సరీకి వెళ్తున్నావా?"

దాని చేతిలో రిబ్బను ఆగిపోయింది. బుకాయిస్తుందనుకున్నాను. "వెళ్తున్నానండి. నాలుగు సోమవారాల నుంచి. మన చెట్ల పుల్ల ఒక్కటి కూడా పట్టికెళ్ళలేదండి, అమ్మవారి మీదొట్టు."

"సెలవు రోజు నడుం వాల్చకుండా అక్కడేం పనే? నేను నీకేం తక్కువ చేశాను?"

"తక్కువేం చెయ్యలేదండి. అక్కడ నన్ను మేస్త్రమ్మా అని పిలుస్తారండి." చేతిలో అంటు కింద పెట్టి మళ్ళీ అంది. "ఇక్కడ కొనేవాళ్ళొచ్చి ఈ అంటు ఎవరు కట్టారంటే మీరు నేనే అంటారు కదండీ. నేను మీ పక్కనే ఉంటానండి."

నిజమే, అలాగే అంటాను. కట్టింది ఎవరైనా నేనే అంటాను. బేరం కోసం అని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బేరం కోసం కాదు. ఆ మాట అనడం నాకు ఇష్టం.

ఆ సాయంత్రం నువ్వు గుర్తొచ్చావు. ఇలాంటి ముసురే, కడియంలో మనం పనిచేసిన నర్సరీ రైతుగారి షెడ్డు. గోనె పట్టాల మీద మన వరస, తడిసిన మట్టి వాసన, నీ సత్తు కేరేజీలో గోంగూర పచ్చడి, అందరం నీ మాటలకి పడీపడీ నవ్వడం. ఎంత బాగుండేదో! ఇక్కడ సొంత షెడ్డు వేసుకున్నా ఆ గోనె పట్టా మీద కూర్చున్నంత హాయి మళ్ళీ ఎరగను. ఆ రోజు రైతుగారు కాలవగట్టు నర్సరీ నుంచి ఒక మామిడి అంటు తెచ్చి మన మధ్య పెట్టారు. ఆయన కేకలెయ్యలేదు. "ఈ చుట్టు మన షెడ్డులో తప్ప ఎక్కడా ఉండదు. ఎవరమ్మా వెళ్తుంది అక్కడికి?" అన్నారు.

నువ్వు ఆ మొక్క చేతిలోకి తీసుకున్నావు. అటూ ఇటూ తిప్పి చూశావు. నా వైపు చూడలేదు. "నేనేనండి" అన్నావు.

నేను తల దించుకుని రిబ్బను కత్తిరించుకుంటూ కూర్చున్నాను. నువ్వు చాకు తుడిచి పెట్టేసి, కేరేజీ తీసుకుని వానలోనే వెళ్ళిపోయావు. తరవాత ఏ నర్సరీ వాళ్ళూ నిన్ను పిలవలేదు. మండపేట మిల్లులో నూకలు చెరగడానికి నాలుగేళ్ళు బస్సెక్కి వెళ్ళావు. అంత మంచి చెయ్యి చేటకి పోయింది. నేను మాత్రం నీ చోట్లో కూర్చుని, దుర్గ చెయ్యి మంచిదన్న పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడు మళ్ళీ మొక్కల్లోకి వచ్చావు గానీ ఆ నాలుగేళ్ళు నీకెవరిస్తారు?

కాలవగట్టుకి నేనెందుకెళ్ళానో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. మన షెడ్డులో నన్నందరూ "చెల్లెలు" అనేవాళ్ళు. కాలవగట్టు వాళ్ళు మొదటి రోజే నీ పేరేంటమ్మా అని అడిగారు. అంతే అక్కా. మంగ చెప్పిందీ అదే.

అందుకని టికెట్ తియ్యలేదు. నిన్న కూర్చోబెట్టి చెప్పాను. "ఎదుటివాళ్ళకి అంటులు కట్టడం నా పొట్ట మీద కొట్టడమే, అది మానాలి. సోమవారాలు కాలనీల్లో ఇళ్ళకి వెళ్ళి కుండీలు మార్చుకో, కొమ్మలు కత్తిరించుకో, నేనే నలుగురికీ చెప్తాను. నువ్వు కట్టిన అంటులు వేరే వరసలో ఉంటాయి, నీ పేరు బోర్డు మీద ఉంటుంది. వెళ్ళిపోవాలనుంటే సీజను అయ్యాక నాతో చెప్పి వెళ్ళు, చీర పెట్టి పంపుతాను. చాటుగా మాత్రం వెళ్ళకు." అది ఏడ్చింది. "ఆళ్ళకి నేనే చెప్పొస్తానండి" అని అప్పుడే చెప్పులేసుకుని వెళ్ళింది. అన్నంత పనీ చేసి వచ్చింది.

మీ మరిదిగారికి ఇంకా కోపం పోలేదు. నాతో మాట్లాడకుండా అన్నం తింటున్నారు గానీ బోర్డు మీద పేరు రాసింది ఆయనే. పైన తెలుగులో, కింద మరాఠీలో. వచ్చే సీజనుకి మంగ ఉంటుందో లేదో నాకు తెలియదు. పొద్దున్న ఒకాయన వచ్చి ఈ అంటు ఎవరు కట్టారని అడిగారు. "మంగ" అన్నాను. దాని వరసా, బోర్డూ చూపించాను.

వచ్చే లారీలో మాగాయ కాస్త పంపు, ఊరమిరపకాయలు కూడా. పనసపొట్టు ఇంత దూరం రాదు, వద్దులే. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాను. అమ్మకి నా దణ్ణాలు, ఆమె దీవెన ఉంటే చాలు. బావగారికి నమస్కారాలు. రాణికి ముద్దులు.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. క్యాబిన్‌లో నీకొక మామిడి అంటు పెట్టించాను. కడియానికి మొక్క పంపుతోంది పిచ్చి మొహం అని నవ్వుతావు, నవ్వు. నిన్న నా చేత్తో కట్టాను. చుట్టు ఎడమవైపే ఉంటుంది, చూసినవాళ్ళు నీదే అనుకుంటారు. ఎవరు కట్టారని ఎవరైనా అడిగితే, ఈసారి నా పేరు చెప్పు అక్కా.

నీ చెల్లెలు,
దుర్గ