పై వాటాలో కుటుంబ ప్రార్థన

మే 4, ఆదివారం

షాపు షట్టర్ సగం దించి కౌంటర్ మీదే ఫోన్ పెట్టుకుని టైప్ చేస్తున్నా. ఈ రోజు చర్చిలో మా మరిది ప్రార్థన చేశాడు. మా చెల్లి మొగుడు. కుడిచెయ్యి పైకెత్తి మొదలుపెట్టాడంటే ముందు వరస ముసలమ్మలందరికీ చేతిరుమాళ్ళు తడవాల్సిందే. సంఘంలో అతన్ని ప్రార్థన వీరుడు అంటారు. పొద్దున టైర్ల గోడౌన్లో సూపర్‌వైజరు, సాయంత్రం దేవుడి మనిషి.

వాళ్ళుండేది మా షాపు పై వాటాలోనే. మా ఆయన పోయాక ఇంత ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఏం చేసుకుంటానని నేనే పిలిచి పెట్టుకున్నా. రోజూ ఏడింటికి పైన కుటుంబ ప్రార్థన. చెల్లి గొంతు వీధి చివరి దాకా వినబడుతుంది. ప్రభువా, ప్రభువా, కనికరించు తండ్రీ అని పీక తెగేలా. ఎదురు టీ కొట్టు బాబాయి నిన్న కూడా వేళాకోళమాడాడు. ఏమ్మా, మీ పైవాళ్ళు దేవుడికి చెవుడనుకున్నారా, ఓ వినికిడి మిషను కొనివ్వరాదూ అని. నవ్వేశా. నవ్వాను గానీ లోపల గర్వమే. నా ప్రార్థన సంగతి నాకు తెలీదా. మోకాళ్ళ మీద ఉండి మేకుల స్టాకు, నట్ల స్టాకు తలుచుకుంటూ ఓ కునుకు తీసి ఆమెన్ అంటా. వాళ్ళది నిప్పు.

మే 6

మరిది షాపుకొచ్చాడు. లోపలి వైపుకి గొళ్ళెం కావాలట, గట్టిది. నీ గదిలోకెళ్ళి తలుపేసుకుని ప్రార్థించమన్నాడు కదా వదినా ప్రభువు, మధ్యలో ఎవరో ఒకరొచ్చి డిస్టర్బ్ చేస్తున్నారు, అన్నాడు. షాపులో ఉన్నవాటిలో బెస్టు తీసిచ్చా. బారు ఇనుప గొళ్ళెం, ఏనుగు తోసినా వంగదు. కానీ గుమ్మం చెదపట్టిన చెక్క. పొడుగు స్క్రూలు దించితే నిలువునా చీలుతుంది. అందుకని గుమ్మానికి బిగించే కొక్కేనికి పొట్టి స్క్రూలే ఇచ్చా. గట్టిగా తోస్తే కొక్కెం ఊడొస్తుంది మరిదీ అని చెబుదామనుకుని ఊరుకున్నా. పైకి దొంగలెవరొస్తారులే.

మే 9

చెల్లి ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటోంది. ఈ ఎండలో.

మే 13

బేరాలు తొందరగా తెమిలాయి. ఎన్నాళ్ళని కిందనుంచి వింటాను, ఓసారి పైకెళ్ళి వాళ్ళతో కూర్చుందాం, ఆ నిప్పు నాకూ కాస్త అంటుకుంటుందేమో అనుకున్నా. మెట్లెక్కుతుంటే చెల్లి గొంతు. కనికరించు తండ్రీ. మధ్యలో దబ్బుమని చప్పుడు. బల్ల జరిపారేమో అనుకున్నా. తలుపు తోశా. గొళ్ళెం వేసి లేదు.

చెల్లి నేలమీద బోర్లా ఉంది. మరిది మోకాలు దాని వీపు మీద. ఎడంచేతికి దాని జుట్టు చుట్టుకున్నాడు. కుడిచేతిలో బెల్టు, బకిల్ వైపు కిందికి. చెల్లి నోట్లోంచి రక్తం కారుతోంది. ఆ రక్తంలోంచే ప్రభువా, ప్రభువా.

నన్ను చూశాడు. ఏం కంగారు పడలేదు. రా వదినా, సమయానికొచ్చావు, ప్రార్థన చేద్దాం, అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. ప్రార్థన చేద్దాం అని వినబడగానే తల వంగుతుంది, రెప్పలు వాలతాయి. కుక్కకి ఈల వేసినట్టు. వాడు నిదానంగా, తియ్యగా ప్రార్థించాడు. నా షాపుని దీవించమన్నాడు. ఒంటరిదైన మా వదినకి తోడుండు తండ్రీ అన్నాడు. కళ్ళు తెరిచేసరికి బెల్టు వాడి నడుముకుంది. చెల్లి గోడకానుకుని మూతి తుడుచుకుంటోంది. మంచిది వదినా, అంటూ గుమ్మం దాకా సాగనంపాడు. మెట్లు దిగి వచ్చేశా. అంతే. వచ్చేశా.

మే 13, మళ్ళీ

ఆమెన్ కూడా అన్నాను.

మే 14

వాడు గోడౌన్‌కి వెళ్ళగానే పైకెళ్ళా. చెల్లి మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. మొహమంతా వాచిపోయి ఓ కన్ను మూసుకుపోయింది, కుట్టు మాత్రం గీత గీసినట్టు పోతోంది. ఎన్నాళ్ళ నుంచే అన్నా. దారం తెంపి చెప్పింది. మొదట్లో దెబ్బకి తట్టుకోలేక నోటికి ప్రభువా అనే వచ్చిందట. మర్నాడు టీ కొట్టు బాబాయి వాడితో, మీ ఆవిడ భక్తి గొప్పదయ్యా అన్నాడట. అప్పట్నుంచి కొట్టేటప్పుడు వాడే ప్రార్థన చెయ్యమంటాడు. కేకలేస్తే వీధి పరిగెత్తుకొస్తుంది, ప్రార్థన చేస్తే వీధి మెచ్చుకుంటుంది అక్కా, ఆయనకి తెలుసు, అంది. గొంతు తగ్గితే ఇంకా కొడతాడట. బయటికి చెబితే దీనికి దయ్యం పట్టిందని సంఘంలో నిలబెట్టి వదిలింపు ప్రార్థనలు పెట్టిస్తాడట. అందరూ నమ్ముతారు కదా ఆయన్నే, అంది. అవును. నేనైతే నమ్మేదాన్నే.

కిందికి నాతో వచ్చెయ్యవే అన్నా. కిందికొస్తే కిందికే వస్తాడు, నిన్ను కూడా చంపుతాడు, పోలీసులూ వద్దు అంది.

తర్వాత మెల్లిగా చెప్పింది. నోటితో అరిచేది ఆయన కోసం అక్కా, లోపల నేను వేరే ప్రార్థన చేసుకుంటా. ఏంటే అన్నా. అక్క పైకి రావాలి, అక్క పైకి రావాలి, అదొక్కటే, అంది.

నిన్న వచ్చావు కదా, అంది.

చెప్పుతో కొట్టినా బావుండేది.

మే 15

పాస్టరుగారి దగ్గరికెళ్ళా. విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. ఆ అబ్బాయా అన్నారు, రెండుసార్లు. సాతాను మంచి కుటుంబాల మీదే పడతాడమ్మా, ఉపవాస ప్రార్థన పెడదాం, నేను అతనితో మాట్లాడతా, అన్నారు. మాట్లాడకండయ్యగారూ, ఆ కోపం దాని మీద తీర్చుకుంటాడు, అన్నా. ముందు ప్రార్థన చేద్దాం అని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆయన బట్టతల మీద ఫ్యాను నీడ తిరగడం చూస్తూ కూర్చున్నా.

బయట హాల్లో అమ్మగారు, పాస్టరుగారి భార్య, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపుతోంది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. అంతా విన్నట్టుంది. గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చూడమ్మాయ్, దేవుడికి తెలీని సంగతి నువ్వు చెప్పేదేం ఉండదు, ఆయన చూసేదేదో నువ్వూ చూడాలనే మోకరించమనేది, అంది. చూశాక లేవాలి. లేవకపోతే ప్రార్థన కాదది, కునుకు, అంది.

నా కునుకు సంగతి ఈవిడకెలా తెలుసు?

మే 16

కళ్ళు తెరుచుకుని ప్రార్థించా. ఎదురుగా సుత్తుల అర. ప్రభువా, వాడి చెయ్యి విరిచెయ్యి. కుడిది. నీ వైపు ఎత్తుతాడే, అది. వాడి పళ్ళు రాలగొట్టు. వాడి మోకాలి చిప్ప పగలగొట్టు, మళ్ళీ ఎవరి వీపు మీదా ఆనకూడదు. శత్రువుల్ని ప్రేమించమన్నావు, గుర్తుంది. ముందు నా చెల్లిని బతకనీ, ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇంత పచ్చిగా నీతో ఎప్పుడూ మాట్లాడలేదు. కునుకు మాత్రం రాలేదు.

మే 17, సాయంత్రం ఏడు

పాస్టరుగారు మాట్లాడారట. మరిది నవ్వుతూ పైకెళ్ళాడు. గొళ్ళెం పడ్డ చప్పుడు. చెల్లి గొంతు మొదలైంది. ప్రభువా

ఆగిపోయింది.

వెళ్తున్నా

మే 18

ఎడంచేత్తో టైప్ చేస్తున్నా. ఆస్పత్రి వరండా. కుడిచేతికి కట్టు.

అరలోంచి పెద్ద సుత్తి తీసుకుని మెట్లెక్కా. గొళ్ళేన్ని కొట్టలేదు. నేనిచ్చిందే, అది పగలదు. కొక్కెం ఉన్నచోట భుజం పెట్టి తోశా. పొట్టి స్క్రూలు, చెద చెక్క. రెండో తోపుకి పొడై రాలింది.

వాడి రెండు చేతులూ చెల్లి గొంతు చుట్టూ ఉన్నాయి. ఎవరికి చెప్పావే, చెప్పు, చెప్పు అని అడుగుతున్నాడు. గొంతు పిసుకుతూ చెప్పమంటే ఏం చెబుతుంది. దాని మొహం వంకాయ రంగులో ఉంది. కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నాయి. వాడు తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ అదే నవ్వు. వదినా, ప్రార్థన చేద్దాం, అన్నాడు.

రెప్ప కొట్టలేదు నేను.

మొదటి దెబ్బ నేలకి తగిలింది, బండ పెచ్చు లేచింది. వాడు దాన్ని వదిలి నా మీదికి దూకాడు. నా వేళ్ళు పట్టుకుని వెనక్కి వంచేశాడు. పెన్సిళ్ళు విరిగిన చప్పుడు. నా వేళ్ళవే. సుత్తి జారింది. తల గోడకేసి కొట్టాడు, నోట్లో ఉప్పగా అయింది. చెల్లి పాక్కుంటూ వచ్చి వాడి కాలు పట్టుకుంది, పళ్ళతో. వాడు తూలి కుడిచేత్తో గుమ్మం పట్టుకున్నాడు. ఎడంచేత్తో సుత్తి తీసి ఆ చేతి మీద వేశా. చిన్నప్పట్నుంచీ మేకులు కొడుతున్నదాన్ని, ఎడంచెయ్యైనా గురి తప్పలేదు. తడికర్రలోకి మేకు దిగినట్టు చప్పుడొచ్చింది. ఇంకోసారి వేశా. రెండోది అక్కర్లేదు. అయినా వేశా. మూడోది వాడి తల మీద వేద్దామని ఎత్తా కూడా. చెల్లి నా కాలు పట్టుకుంది ఈసారి. అందుకే వాడు బతికున్నాడు.

వాడు కింద పడి ప్రభువా, ప్రభువా అని అరుస్తున్నాడు. వీధి వీధంతా వినబడేలా. ఎవ్వరూ రాలేదు. రోజూ ఉండేదే కదా. బాల్కనీలోంచి వంగి అరిచా. బాబాయ్, ఇది ప్రార్థన కాదు, పైకి రా! టీ కొట్టు బాబాయి చేతిలో గరిటె చేతిలోనే, మెట్లు రెండేసి ఎక్కొచ్చాడు. గుమ్మంలో నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ ఇదా నేను విన్నది, అన్నాడు. గరిటె కింద పడేసి అక్కడే కూలబడ్డాడు.

మే 21

చెల్లి బతుకుతుందట. గొంతులో ఏదో నలిగిందట, ఒక్క మాట కూడా మాట్లాడించొద్దన్నాడు డాక్టరు. మళ్ళీ గొంతొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

వాడూ ఇదే ఆస్పత్రిలో ఉన్నాడు, కింది వార్డులో. పిచ్చిపట్టిన వదిన ప్రార్థనలో ఉన్న మమ్మల్ని సుత్తితో కొట్టింది, అడ్డొచ్చి నా భార్యకీ దెబ్బలు తగిలాయి అని రాయించాడు. ఇన్స్‌పెక్టరు వీధిలో అడిగాడట. బాబాయి తప్ప అందరూ ఒకటే మాట. చాలా భక్తిపరులండీ, రోజూ ప్రార్థన వినబడేది, అని. అబద్ధం కాదు మరి. విన్నదే చెప్పారు. సంఘం వాళ్ళొచ్చి అతని గురించి మంచి మాట రాసిస్తే నువ్వే లోపలికెళ్తావమ్మా అన్నాడు ఆ ఇన్స్‌పెక్టరు, జాలిగా. నేను పోయినా ఫర్వాలేదు. వాడు బయటికొస్తే మాత్రం చెల్లి మిగలదు.

మే 25, ఆదివారం

చెల్లి పట్టుబట్టి చర్చికి తీసుకెళ్ళమంది. చేతులతో సైగ చేసి. మెడకి స్కార్ఫ్ చుట్టా. వెనక వరసలో కూర్చున్నాం. మా పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి, ఒకటొకటిగా.

పాస్టరుగారు ప్రార్థన అవసరతలు చెబుతున్నారు. జ్వరాలు, పరీక్షలు. తర్వాత, మన ప్రియ సహోదరుని కుడిచేతి స్వస్థత కోసం, ఆ కుటుంబ ఐక్యత కోసం. అందరం కళ్ళు మూసుకుందాం, అన్నారు.

తలలన్నీ వంగాయి. చెల్లి లేచింది. నడవ మధ్యలోంచి ముందుకెళ్తోంది. నేనూ వెనకే. బల్ల దగ్గర ఆగి నా వైపు చూసింది. దానికి గొంతు లేదుగా.

కళ్ళు తెరవండి, అన్నా.

కొంతమంది తెరిచారు. చెల్లి స్కార్ఫ్ తీసింది. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు దాని మెడ మీద. గుండీలు విప్పి ఫుల్ హ్యాండ్స్ పైకి మడిచింది. బకిల్ అచ్చులు. పాతవి పచ్చగా, కొత్తవి నల్లగా. వీపు చూపించడానికి తిరిగింది. ముందు వరసలో ఒకావిడ అయ్యో తల్లీ అంటూ నోరు మూసుకుంది. పాస్టరుగారు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు, పెదవులు కదుపుతూ. అమ్మగారు పాటల పుస్తకం బల్లకేసి ఫెడీమని కొట్టింది. అయ్యా, మీరూ తెరవండి, అంది.

తెరిచారు. చూశారు. చాలాసేపు చూశారు. నేనే చెప్పానమ్మా అతనికి, నేనే, అని ఏడ్చారు. ఓదార్చే ఓపిక నాకు లేదు.

అమ్మగారు చెప్పులేసుకుంది. ఈ ప్రార్థనకి ఆమెన్ పోలీస్ స్టేషన్లో, పదండి, అంది. ముసలమ్మలు ముందు లేచారు. చేతిరుమాళ్ళతోనే. మనం రోజూ మెచ్చుకున్నది దీన్నటే అని ఒకావిడ దారంతా తనని తానే తిట్టుకుంటూ నడిచింది. ఇన్స్‌పెక్టరుకి కాగితాలు చాల్లేదు. పాస్టరుగారు ఆఖర్న సంతకం పెట్టారు.

జూన్ 1

వాణ్ణి ఆస్పత్రి నుంచి నేరుగా జైలుకి తీసుకెళ్ళారు. నా మీది కేసు నిలబడదంటున్నారు. ఈ రోజు వాడి చెయ్యి అతుక్కోవాలని అడిగా. ఎందుకడిగానో తెలీదు. పళ్ళు బిగించుకుని అడిగా. అక్కడే అతుక్కోనీ ప్రభువా, తొందరేం లేదు.

జూన్ 8, సాయంత్రం ఏడు

పై తలుపు గొళ్ళెం పీకి తుక్కులో పడేశా. స్క్రూల బొక్కల్లోంచి వెలుతురు వస్తోంది, పూడ్చలేదు.

ఇప్పుడే పైనుంచి పిలుపు. ఇనుము గీరినట్టున్న గొంతు. అక్కా, పైకి రా.

వెళ్తున్నా.