బూడిద రోగం మీద సమీక్ష

జూన్ 9, 1981. జనగామ

రాజలింగం పంపిన కవరు పోస్టుల వచ్చింది. హన్మకొండల చిన్న మాసపత్రిక నడుపుతడు. నెలకొక పుస్తకం పంపుతడు, నేనొక పేజీ సమీక్ష రాసి పంపుత. ఎప్పుడూ కవిత్వమో కథలో ఉంటయి. ఈసారి బొమ్మల పుస్తకం! కామిక్. సైక్లోస్టైల్ కొట్టి పిన్నులు గుచ్చిన్రు. అట్ట మీద 'బూడిద రోగం' అని ఉన్నది. వేసినోని పేరు లేదు, ప్రెస్సు పేరు లేదు, ఊరు లేదు. ఆఖరి పేజీ కింద 'చూసినోడు' అని మాత్రం ఉన్నది.

పేరు చెప్పుకోనోడు పుస్తకం ఎందుకు ఏస్తడు? డౌటు అక్కడ్నే మొదలైంది.

సాయంత్రం 6 గంటలు

దుకాణం గుమాస్తాకు అప్పజెప్పి, ఎనుక బెల్లం బస్తాల మీద కూసొని చదివిన. కథ గిది. 2041వ సంవత్సరం. ఒక ఊరికి రోగం తగుల్తది. తగిలినోళ్ల ఒళ్లు బూడిద రంగుకు తిరిగి, ముట్టుకుంటే రాల్తది. ఊరి నడుమ ఇనుప స్తంభం. దాని మీద దీపం వెలిగేదాక ఎవలూ బయటికి పోవద్దు, ఎవలూ లోపటికి రావద్దు. నాలుగు దిక్కుల నాలుగు యంత్రాలు కాపలా. ఒక్కొక్కదానికి ఒక్కటే కన్ను. ఒక పిలగాడు రోగమొచ్చిన చెల్లెను వీపు మీద ఏసుకొని పొలిమేరకు ఉరుకుతడు. అవతల దవాఖాన కనబడుతనే ఉంటది. యంత్రం అడ్డం నిలబడి, దీపం వెలిగినంక పో అంటది. వాడు కాళ్లు మొక్కుదామని చూస్తడు. యంత్రానికి కాళ్లు లేవు, చక్రాలకు మొక్కుతడు. దీపం వెలిగేటాల్లకు వీపు మీద చెల్లె లేదు, బూడిద ఉన్నది. ఆఖరి బొమ్మల వాడొక్కడే, చేతులు ఎనుకకు పెట్టుకొని, ఇంకా మోస్తున్నట్టే నిలబడి ఉంటడు.

ఆ బొమ్మను మళ్ల మళ్ల తిప్పి చూసిన. తర్వాత నా మీద నాకే కోపమొచ్చింది. మనిషిని ఏడిపిచ్చి లోపటికి గుంజేటోళ్లు గిట్లనే గుంజుతరు.

జూన్ 10

నా భార్య వనమాల చదివింది. కండ్లు తుడుసుకుంట పప్పుల ఉప్పు రెండుసార్లు ఏసింది. దీంట్ల ఏదో మతలబు ఉన్నదని చెప్పిన. పిల్ల సచ్చిపాయె, ఇంకేం మతలబు గావాలె నీకు అన్నది. పాలల్ల నీళ్లు కలిపిన్రేమో అని అందరు చూస్తరు, నువ్వు నీళ్లల్ల పాలు కలిపిన్రేమో అని చూసే మనిషివి అని ఎక్కిరిచ్చింది.

నవ్వితే నవ్వనీ. అరవై తొమ్మిదిల జై తెలంగాణ అని మేం స్టేషన్ రోడ్డు మీద ఉరికిననాడు, మాతోని ఒక్క ప్లేట్ల మిర్చీలు తిన్నోడే మా పేర్లు పోలీసులకు రాసిచ్చిండు. వారం రోజులు వీపు వాచి బోర్ల పండుకున్న. అప్పటిసంది ఏ మాటనైనా తిరగేసి సూడంది నాకు నిద్ర పట్టదు.

జూన్ 14

యంత్రాలు నాలుగే ఎందుకు?

జూన్ 17

దొరికింది. ఇయ్యాల పొద్దుగాల సబ్బు రాసుకుంటుంటే ఒక్కపారే దొరికింది.

యంత్రాలంటే పోలీసులు. స్తంభం అంటే సర్కారు. రోగం రోగమే కాదు! భూపాలపల్లి అడవుల దిక్కు ఊరూరికి పాకుతున్నదని అన్నలు అని అందరు గొంతు తగ్గిచ్చి చెప్పుకునేది ఉన్నది గద, అదే. 2041 అనేది ఒట్టి ముసుగు. రెండేండ్ల కింద స్కైలాబ్ నెత్తి మీద పడ్తదని మేకలు కోళ్లు కోసుకతిన్న జనానికి ఉత్త సైన్సు కథ ఎవడు రాస్తడు? అంత ఓపికతోని, అన్ని బొమ్మలు?

రాజలింగానికి ఫోన్ చేసిన. ఆ పుస్తకం తనకూ పోస్టులనే వచ్చిందన్నడు. బొమ్మలు బాగున్నయి, రెండు మంచి మాటలు రాయి, పాపం ఎవడో కష్టపడ్డడు అన్నడు. ఎవడో అంటడేంది? ఆయనకు ఎరుకే ఉండాలె. లేకుంటే నాకే ఎందుకు పంపిండు?

జూన్ 25. మానుకోట

మిర్చి బేరానికి వచ్చిన. బేరం కాలే గని దానికంటె పెద్దది దొరికింది.

చందూలాల్ పురుగుమందుల దుకాణం మీద కొత్త బోర్డు. బోర్డు మీద పచ్చపురుగు. దాని కన్ను చూసి రోడ్డు నడుమ నిలబడిపోయిన. ఎనుక రిక్షావాడు తిట్టిండు. అదే కన్ను! గుండ్రంగ గీసి, లోపల ఇంకో గుండ్రం, దాని పక్కన చిన్న తెల్ల చుక్క. యంత్రం కన్ను.

చందూలాల్‌ను మెల్లగ కదిలిచ్చిన. బోర్డు రాసినోడు మొండయ్య అట. నెల్లికుదురు అవతల పల్లె. బోర్డులు, లారీలు, గోడలు రాస్తడట. చెయ్యి మంచిది, మనిషి నోరు తెరువడు అన్నడు. బొమ్మల కథలు కూడ ఏస్తడా అని అడిగిన. ఏస్తడు, తానే కొట్టిచ్చుకుంటడు, పిచ్చి అన్నడు.

తిరుగు రైల్ల కూసున్నంత సేపు నాలో నేనే నవ్వుకున్న. చూసినోడా, నిన్ను నేను చూసిన!

జూన్ 28

రాసిన. కూసున్న కాడ్నే రాసిన. ఇంత మంచిగ ఎన్నడు రాయలే. ఇక్కడ ఎక్కిచ్చుకుంటున్న:

'ఇది భవిష్యత్తు కథ అనుకుంటే పొరపాటు. ఒంటికన్ను యంత్రాలు ఎవరో, వెలగని స్తంభం ఏదో పాఠకునికి చెప్పనక్కరలేదు. ఈ రోగం దేహానికి వచ్చేది కాదు. అడవి అంచు పల్లెలలో రాజుకుంటున్నది. బూడిద అంటే ఆరిన నిప్పు కాదు, రాబోయే మంట. నెల్లికుదురు ప్రాంతపు సైన్‌బోర్డుల చిత్రకారుడు మొండయ్య తన పేరు దాచుకున్నా, తన ఉద్దేశం దాచుకోలేకపోయాడు.'

వనమాల చదివింది. పేరు తీసెయ్ అన్నది. ఆయన పెట్టుకోలే గద, నువ్వెందుకు పెడుతున్నవు అని అడిగింది. సమీక్షకుడంటే తెర తీసేటోడు అని చెప్పిన. ఆమె బియ్యం ఏరుకుంట, తెర ఎనుక ఎవలు తానం చేస్తున్నరో తెల్వకుండనే తీస్తవా అన్నది.

ఆడోళ్లకు సాహిత్యం గురించి ఏం చెప్తం.

ఆగస్టు 5

పత్రిక వచ్చింది. ఒక్క అక్షరం కొట్టెయ్యకుండ ఏసిండు రాజలింగం. కాలేజీల తెలుగు చెప్పే సత్యం సారు దుకాణానికి వచ్చి మరీ చెయ్యి కలిపిండు. ఏమి చూపయ్యా వెంకట్రాం, నీది ఎక్స్‌రే అన్నడు. రెండు కిలోల చక్కెర ఊకెనే కట్టిచ్చిన.

ఆగస్టు 17. పొద్దున 11

చందూలాల్ ఫోన్ చేసిండు. మొండయ్యను మొన్న పోలీసులు జీపుల ఎక్కిచ్చుకపోయిన్రట. చందూలాల్ దుకాణం ముందటనే, నిచ్చెన మీదికెళ్లి దింపి. వచ్చినోని చేతుల ఏదో మాసపత్రిక ఉన్నదట, మడత పెట్టి. నువ్వా దినం మొండయ్య గురించి ఎందుకు అడిగినవు సేటూ అని అడిగిండు చందూలాల్. నేను ఫోన్ పెట్టేసిన.

మధ్యాహ్నం

ఇంకో పత్రిక అయ్యుంటది. ఎన్ని పత్రికలు లేవు.

సాయంత్రం

నాదే. ఏ పేజీ కాడ మడత పెట్టిన్రో కూడ నాకు ఎరుకే.

ఆగస్టు 19

మానుకోటల బస్సెక్కి నెల్లికుదురు దిగి, మొండయ్య పల్లెకు నడిచిపోయిన. వాళ్లమ్మ నర్సమ్మ ఒక్కతే ఉన్నది. నేను ఎవలనో చెప్పలే. పేపర్ల రాసేటోన్ని అని మాత్రం చెప్పిన. అదే అబద్ధమైతే ఎంత బాగుండు. ఆమె గడపల కూసొని చెప్పింది, నేను వాకిట్ల నిలబడి విన్న. కూసోమన్నది గని కాళ్లు ఒంగలే.

మొండయ్య పదేండ్లప్పుడు ఊర్ల గత్తర వచ్చిందట. కక్కుడు, పారుడు, దినాం ఒక పాడె. పెద్దమనుషులు కూసొని, ఊరి నడుమ పాతిన బొడ్రాయి కదిలింది, మళ్ల నిలపాలె అన్నరట. బొడ్రాయి నిలిపేటప్పుడు ఊరు కట్టేస్తరు. నాలుగు తొవ్వలల్ల నలుగురు కట్టెలు పట్టుకొని నిలబడుతరు. పొలిమేర పొంట పొలి అన్నం చల్లి, బొడ్రాయి కాడ దీపం ముట్టిచ్చేదాక లోపటోడు బయటికి పోవద్దు, బయటోడు లోపటికి రావద్దు. కట్టు తప్పితే ఊరంత పోతదని భయం. ఆ దినమే మొండయ్య చెల్లె బాలనర్సకు పట్టుకున్నది. తనకు కూడ పట్టుకొని లేవలేకపోతే, పిలగాడే చెల్లెను వీపు మీద ఏసుకొని మానుకోట దవాఖాన తొవ్వకు ఉరికిండు.

ఆ తొవ్వ కాడ కట్టె పట్టుకొని నిలబడ్డది ఎవలో కాదట, సొంత తాతే, పేరు పెద్దులు. తాత ఏడ్చుకుంట అడ్డం నిలబడ్డడట. దీపం ముట్టిచ్చినంక పో బిడ్డా అన్నడట. ముట్టిచ్చేటాల్లకు వీపు మీద పిల్ల సల్లబడ్డది.

ఆ తర్వాత శానా దినాలు మొండయ్య చేతులు ఎనుకకు పెట్టుకొనే తిరిగిండట. దించు కొడుకా అంటే దించకపోతుండెనట. పెద్దగైనంక చెల్లెను బొమ్మల ఏసుకుంట అన్నడట. ఊరోళ్లను ఏస్తే తాత పరువు పోతదని, యంత్రాలు ఏసిండట. అందుకే పేరు పెట్టుకోలేదట.

బొడ్రాయి. నాకు తెల్వదా? వనమాల పుట్టిల్లు జఫర్‌గఢ్‌ల బొడ్రాయి పండుగనాడు బస్టాండు కాడ ఆపితే, పొద్దంత ఎండల కూసొని గొణుక్కున్నోన్ని నేనే గద! నాలుగు దిక్కులు, నడుమ రాయి, దీపం. కండ్ల ముందటనే ఉన్నయి. నేను అడవికి పోయి ఎతికిన.

నర్సమ్మ నా చేతులు పట్టుకున్నది. ఎవడో సదువుకున్నోడు, అది రోగం కాదు ఇంకేదో అని రాసిండట బిడ్డా, నువ్వు పేపరోనివి గద, అది రోగమే అని జర రాయవా అన్నది. నేను తల ఊపిన. నేనే అవ్వా ఆ సదువుకున్నోన్ని అని నోటిదాక వచ్చింది, బయటికి రాలే. నా అంత పిరికోడు ఈ జిల్లాలనే ఉండడు.

ఆగస్టు 20

రాజలింగం అన్నడు, వచ్చే నెల సంచికల సవరణ ఏస్తనని. వచ్చే నెల! ఆయన గొంతుల కూడ భయం వినబడ్డది. నిన్ను మంచి మాటలు రెండు రాయమన్న గదనే అన్నడు. నిజమే, ఆ దినం అట్లనే చెప్పిండు.

ఆగస్టు 22

మొండయ్యను భూపాలపల్లి దిక్కు ఒక పోలీసు క్యాంపుల పెట్టిన్రని తెలిసింది. పరకాల మీదికెళ్లి పోయిన. వనమాల చద్ది కట్టిచ్చింది. తిడితే బాగుండు.

పెద్దసారు కుర్చీ ఏయించిండు. చాయ్ తెప్పిచ్చిండు. సముద్రం దిక్కు మనిషి, మాట మెత్తగ ఉన్నది. నన్ను చూసి మస్తు సంబురపడ్డడు. ఆ బొమ్మల పుస్తకం రెండు నెలల కిందనే వాళ్ల చేతికి వచ్చిందట. పిల్లల పుస్తకం అని మూలకు పడేసిన్రట. మీరు విప్పి చెప్పకపోతే మాకు బోధపడేదే కాదండీ అన్నడు.

తప్పు రాసిన అని చెప్పిన. గత్తర, బొడ్రాయి, తాత, అన్ని చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిన. ఆయన ఓపికగ విన్నడు. ఇది కూడా బాగానే కుదిరిందండీ, మొన్నటిది నమ్మాలా ఇవాళ్టిది నమ్మాలా అని అడిగిండు. ఆయన నన్ను చూస్తున్న తీరు నాకు బాగ ఎరుకున్న తీరే. నేను పుస్తకాలను చూసేది గట్లనే.

పోయేటప్పుడు ఒక కట్ట చేతుల పెట్టిండు. ఊర్లల్ల దొరికిన చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు. మీలాంటి చూపు మావాళ్లకు లేదు, చదివి ఒక్కొక్కదాంట్లో ఏముందో రాసివ్వండి అన్నడు. మరి మొండయ్య అని అడిగిన. చూద్దాం, ముందు మీరు చదవండి అన్నడు.

ఆగస్టు 25

అన్నిటి మీద 'ఏమీ లేదు' అని రాసి పంపిన. ఉన్నయో లేవో సూడలే. సూడను.

సెప్టెంబర్ 3

మొండయ్యను ఇడిసిపెట్టిన్రు. ఇయ్యాల దుకాణానికి వచ్చిండు. నేను అనుకున్నంత పెద్దోడు కాదు, సన్నటి మనిషి. కుడి చేతికి గుడ్డ సుట్టి ఉన్నది. ఏమైంది అని అడిగే ధైర్యం కాలే. కూసో తమ్మీ అన్న. కూసోలే. చాయ్ తెప్పిచ్చిన. తాగలే. పైసలియ్యాలనుకున్న గని చెయ్యి జేబులకే పోలే, సిగ్గయింది.

ఆయన తిట్టలే. కోపం కూడ కనబడలే. ఒక్కటే అడిగిండు. బొమ్మల నా చెల్లె మొఖం అంత పెద్దగ ఏసిన గద సేటూ, చెల్లెను చెల్లె అని ఎందుకు అనుకోలే అన్నడు. చాయ్ గ్లాసు అట్లనే ఇడిసి పోయిండు.

లోపటికి పోయి వనమాల ముందట కూసున్న. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. అరవై తొమ్మిదిల వాచిన వీపుకు మందు రాసినప్పుడు కూడ నేను గిట్ల ఏడ్వలే.

సెప్టెంబర్ 14

జీపు దుకాణం ముందట ఆగింది. ఇంకో కట్ట. మీదిది కవితల పుస్తకం. మొదటి కవిత వాన మీద. రెండుసార్లు చదివిన. అది వాన కాదు. ఏందో నాకు మంచిగ ఎరుకే.

'వాన గురించి' అని రాసి సంతకం పెట్టిన.