బిళ్ళ ఇస్తేనే ల్యాప్‌టాప్

3 ఫిబ్రవరి 1997, సోమవారం

మా గనికి ల్యాప్‌టాప్ వచ్చింది. వచ్చి నా చేతుల్లో పడింది. మేనేజర్ సార్ గదికి పోలేదు, సర్వే ఆఫీసుకి పోలేదు. ల్యాంపు రూం అజీజున్నీసా దగ్గరికి వచ్చింది.

కారణం సింపుల్. సర్వే ఆఫీసు తాళం పిన్నీసుతో కూడా ఊడి వస్తుంది. పోయిన నెల అక్కడి టెలిఫోనే ఎవరో ఎత్తుకుపోయారు. మూడు షిఫ్టుల్లోనూ మనిషి కదలకుండా కూర్చునే గది ఈ గని మీద మాది ఒక్కటే. బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే రాక్‌లు కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్ నల్లగా, మూడు కిలోల బరువుతో ఉంది. దాన్ని చివరి రాక్‌లో పెట్టాను.

సర్వేయర్ రాజం కమాన్‌పూర్ పిల్లవాడు, నాకంటే ఆరేడేళ్లు చిన్న. జర పైలం అజీజక్కా, శాన ఖరీదైంది అన్నాడు. నాలుగేళ్లుగా గనిలోకి దిగేవాళ్ల నాలుగు వందల బత్తీలు చూసుకుంటున్న మనిషికి పైలం చెప్తున్నాడు! రంజాన్ రోజా ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను.

4 ఫిబ్రవరి

రాజం వచ్చి రాక్ మీద చెయ్యి వేశాడు. బిళ్ళ ఏది సారూ అన్నాను. నవ్వాడు.

ఇక్కడ రూల్ ఒక్కటే. గనిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తే నేను బత్తి ఇస్తాను. బిళ్ళ బోర్డు కొక్కేనికి వేలాడుతుంటే మనిషి లోపల ఉన్నట్టు. బత్తి తిరిగొస్తే బిళ్ళ తిరిగి ఇస్తాను. ఎవరు పైకి రాలేదో ఆ బోర్డు చూసే చెప్తాం. ల్యాప్‌టాప్‌కి కూడా అంతే అన్నాను.

గిదేమన్న బత్తా అక్కా అన్నాడు. నా గదిలో ఉన్నంతవరకు బత్తే అన్నాను. వెనక్కి పోయి బిళ్ళ తెచ్చుకున్నాడు.

12 ఫిబ్రవరి

పండుగ అయిపోయింది, మళ్లీ డ్యూటీ.

ల్యాప్‌టాప్ లోపల ఏముందో ఈ రోజు రాజం చూపించాడు. మూడో సీమ్‌లో, అంటే మూడో బొగ్గు పొరలో, తవ్వకం సాగే ఒక ప్యానల్ ఉంది, అరవై మంది పని చేస్తారు. అక్కడ రూఫ్ మెల్లగా దిగుతోందట. డిసెంబర్ నుంచి రోజూ ఎంత దిగిందో కొలుస్తున్నారు. జూన్ పదహారుకల్లా ఆరు నెలల లెక్క పైవాళ్లకు చూపిస్తే ప్యానల్ నడుస్తుంది. చూపించకపోతే మూసేసి, అరవై మందినీ శ్రీరాంపూర్‌కీ బెల్లంపల్లికీ ట్రాన్స్‌ఫర్ చేస్తారు.

కొలిచేది గట్టయ్య కాక. టింబర్‌మన్. రూఫ్ కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే మనిషి. ఇరవై ఏడేళ్ల సర్వీసు, సంతకం రాదు, కానీ కొలత రాడ్ మీద గీతలు అర మిల్లీమీటర్ దాకా చదువుతాడు. ఆయన ఆ రూఫ్ కిందికి పోయి నంబర్ అరిస్తే రాజం నోట్‌బుక్‌లో రాస్తాడు. నోట్‌బుక్ బొగ్గు నీళ్లలో నాని పేజీలు అతుక్కుపోతాయి. పైకి రాగానే ల్యాప్‌టాప్‌లో కొట్టి, పాత పేజీలు పారేస్తాడు.

మా ఆయన ఫరీద్ మీద రూఫ్ పడిన రోజు ఎవరూ ఏమీ కొలిచి ఉండలేదు. ఆ నంబర్లను చాలాసేపు చూశాను. నేను కాపలా కాస్తున్నది డబ్బాకి కాదని తెలిసింది.

13 ఫిబ్రవరి

కాపీ కొట్టిన ఫ్లాపీలు ఎక్కడ పెడతావు సారూ అని అడిగాను. గా బ్యాగులనే అక్కా అన్నాడు. ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులోనే!

నాకు కోపం వచ్చింది. ఏ గనికైనా రెండు దారులు ఉండాలని చట్టం. ఒకటి కూలితే మనిషి రెండోదాంట్లోంచి బయటపడాలి. నువ్వు సర్వేయర్‌వి, ఇది నేను చెప్పాలా అన్నాను. రాజం చెవులు ఎర్రబడ్డాయి. ఇక నుంచి సాయంత్రం ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేటప్పుడు ఒక ఫ్లాపీలో కాపీ కొట్టి నాకు ఇవ్వాలి. కాపీ రాకపోతే బిళ్ళ ఇవ్వను.

మొదటి ఫ్లాపీని నేనే స్టీలు బీరువాలో పెట్టాను. దాని తాళం చెవి నా కొంగుకి తప్ప ఇంకెక్కడా లేదు.

1 మార్చి

మేనేజర్ సార్ అటెండర్ పోశం చీటీ పట్టుకొచ్చాడు. ఎవరో పెద్దసారుకి చూపించాలట, ల్యాప్‌టాప్ ఇవ్వాలట. చీటీ తీసుకుని బిళ్ళ అడిగాను. నా నౌకరీ తీపిస్తవా ఏంది చెల్లె అని తిట్టుకుంటూ పోయాడు.

పది నిమిషాలకి మేనేజర్ సార్ స్వయంగా వచ్చారు. లేచి నిలబడ్డాను. ఆయన జేబులోంచి తన బిళ్ళ తీసి తనే కొక్కేనికి తగిలించారు. నంబర్ ఒకటి.

ఈ రోజు బిర్యానీ వండాను, ఊరికే.

10 మార్చి

బత్తిని వెలిగించి చూడకుండా ఎవరికీ ఇవ్వం. మరి ఫ్లాపీని ఎందుకు చూడలేదు ఇన్నాళ్లు? ఈ సాయంత్రం రాజంతో ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టించాను. ఖాళీ. ఇంకోటి. ఖాళీ. మూడోది చదవనే లేదు.

రాజం బీరువా తెరవమన్నాడు. తెరిచాను. తల పట్టుకున్నాడు.

గ్యాస్ ఉందో లేదో చూసే దీపాలకు ఒక రకం తాళం ఉంటుంది. లోపల ఎవరూ విప్పకుండా. అది పెద్ద అయస్కాంతంతోనే ఊడుతుంది. ఆ అయస్కాంతం మా బీరువా రెండో అరలో ఉంటుంది. ఫ్లాపీలకి అయస్కాంతం విషమట. నేను నా చేతులతో, తాళం వేసి మరీ, దాని పక్కన పడుకోబెట్టాను.

11 మార్చి

ఏమీ రాయబుద్ధి కాలేదు.

12 మార్చి

టెన్త్ ఫస్ట్ క్లాస్ అని చెప్పుకుంటాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రాజం ఎవరికీ చెప్పనన్నాడు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గట్టయ్య కాక బత్తి తీసుకోవడానికి వచ్చినప్పుడు నేనే చెప్పాను, నీ మూడు నెలల నంబర్లు నేను తుడిచేశాను కాకా అని. అసలు గా డబ్బలనైతే ఉన్నయి గద బిడ్డా అన్నాడు ఆయన. ఉన్నాయన్నాను. మరి మల్ల ఎక్కియ్యుండ్రి, ఏడుసుడెందుకు అని బత్తి పెట్టుకుని పోయాడు.

మళ్లీ ఎక్కించాం. రెండు ఫ్లాపీలు, రోజు మార్చి రోజు. ఒకటి రాజం దగ్గర, ఇంకోటి నాతో క్వార్టర్‌కి. బిస్కెట్ డబ్బాలో పెట్టి అటక మీద ఉంచాను. ఇంట్లో పెట్టేముందు, అయస్కాంతం ఏమన్నా ఉందా అని మా అత్త మహబూబీని అడిగాను. అల్లా కసమ్, నా దగ్గర ఒక్క సూది ఉందంది.

19 ఏప్రిల్

ప్రతి సోమవారం ఇంటి ఫ్లాపీని వెలిగించి చూస్తున్నాను. ఇప్పుడు కాపీ నేనే కొడతాను. రాజం పక్కన నిలబడి చాయ్ తాగుతాడు.

27 మే

ఎండ. ల్యాప్‌టాప్ వేడెక్కితే తడి గోనెసంచి కిటికీకి కట్టాను. మనుషుల కోసం కట్టమంటే ఇన్నేళ్లు ఎవరూ కట్టలేదు.

11 జూన్, బుధవారం

రాజం హైదరాబాద్ పోతున్నాడు. లెక్కలు అక్కడి పెద్దసార్లకి ముందుగా చూపించాలట. పొద్దున్నే ఈ రోజు నంబర్ కూడా ఎక్కించుకున్నాడు. కాపీ అన్నాను. రైలు టైమైంది అక్కా, ఒక్క దినమే గద అన్నాడు. బిళ్ళ తగిలించి పోయాడు. పోనిచ్చాను. నాది తప్పే.

12 జూన్, మధ్యాహ్నం

పోయింది.

రైల్లో కన్ను మూతపడిందట. లేచేసరికి తల కింద ఉన్న బ్యాగు లేదు. ల్యాప్‌టాప్ అందులో, అతని ఫ్లాపీ అందులో. పోలీసులకు రాసిచ్చి వెనక్కి వచ్చాడు. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను బతికెందుకక్కా, అర్వై మంది నోట్ల మన్ను గొట్టిన అన్నాడు.

గట్టయ్య కాక అక్కడే ఉన్నాడు. ఆయన వైపు చూడలేకపోయాను. ఆరు నెలలు ఆ రూఫ్ కింద మెడ ఎత్తి నిలబడిన మనిషి.

లెయ్ సారూ, రెండో దారి ఉంది అన్నాను. ఆటో పట్టుకుని ఇంటికి పోయాను.

12 జూన్, రాత్రి

అటక మీద డబ్బా ఉంది. డబ్బాలో ఫ్లాపీ లేదు.

ఆ క్షణం గురించి రాయలేను. మా అత్త నా మొహం చూసి భయపడింది. బిస్కెట్ల వాసనకి చీమలు పట్టాయట. నిన్న దులిపి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తన పెళ్లిచీర ఉన్న సందూకు పెట్టెలో, బట్టల మధ్య దాచిందట. అరవై మంది రొట్టె అంటివి కదా, చీమలకి వదలనా అని నన్నే గదమాయించింది. ఆమె చేతులు కళ్లకద్దుకున్నాను.

ఏరియా ఆఫీసు కంప్యూటర్ గదికి ముగ్గురం పోయాం. ఫ్లాపీ గరగరమంది. ఇంకా గరగరమంది. రాజం కళ్లు మూసుకున్నాడు, నేను మూసుకోలేదు. తెర మీద నంబర్లు పడ్డాయి. డిసెంబర్ నుంచి నిన్నగాక మొన్నటి దాకా, ఒక్క రోజు తప్పకుండా!

ఒకటే లేదు. పదకొండో తారీఖుది. గట్టయ్య కాక ఒకటిన్నర మిల్లీమీటర్ అన్నాడు. ఎట్ల గుర్తున్నది కాకా అన్నాడు రాజం. దాని కింద నిలవడ్డోణ్ని నేను గద అన్నాడు.

రాజం టైప్ చేశాడు. నేను కాపీ కొట్టాను. రెండు.

16 జూన్, సోమవారం

లెక్కలు ఒప్పుకున్నారు. రూఫ్ దిగడం తగ్గింది, దిమ్మెలు ఇంకా దగ్గరగా వేసి పని నడపమన్నారు. ఎవరికీ ట్రాన్స్‌ఫర్ లేదు.

కాపీ ఎక్కడి నుంచి వచ్చిందని పైవాళ్లు అడిగారట. మా ల్యాంపు రూం నుంచి అని మేనేజర్ సార్ చెప్పారట. పేరు కూడా చెప్పారట. అజీజున్నీసా, వైఫ్ ఆఫ్ లేట్ ఫరీద్. పోశం వచ్చి చెప్పాడు, స్వీట్లు ఏవి చెల్లె అని. నాకు గర్వంగా ఉంది. దాచుకోను, చాలా గర్వంగా ఉంది. ఫరీద్ ఉంటే వీధంతా చెప్పుకు తిరిగేవాడు.

30 జూన్

కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. గట్టయ్య కాకకి ఆయన నంబర్లు చూపించాను. ఆరు నెలలూ ఒక్క గీతలా కనిపిస్తాయి, చివరికి ఆ గీత సాపుగా అవుతుంది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత, కొత్త చోట పని మొదలుపెట్టే ముందు రూఫ్ నిలుస్తుందో లేదో కర్రతో తట్టి వింటారు చూడు, అట్లా వేలి కణుపుతో తెర మీద రెండుసార్లు తట్టి, చెవి ఆనించి విన్నాడు.

గట్టిగనే ఉన్నది బిడ్డా అన్నాడు.