తెల్లబారిన చెక్క

అమ్మా,

నీ చిన్నది రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది. అక్కా, పిల్లలూ కులాసాగానే ఉన్నారు, నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. మనసు సంగతి మాత్రం అడగకు, అది రాయడానికే కూర్చున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే నాకు అబద్ధమే వస్తుంది. కాగితం మీదైతే కొట్టేసినా కింద కనపడుతుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చేతుల మీద దద్దుర్లు తగ్గాయి, రబ్బరు తొడుగులు వేసుకుంటున్నాను. అక్క కొత్తింట్లో నీళ్ల గోల ఇంకా తీరలేదు. షాపులో ఎవరితోనైనా గొడవ పడ్డావా అన్నావు. పడ్డాను. సీట్లు తడిగా ఉన్నాయని ఒకాయన నన్ను పక్కనే పెట్టుకుని యజమానికి ఫిర్యాదు చేస్తుంటే, తడిపింది నేను, నాతో మాట్లాడండి అన్నాను. అందులో తప్పేముందో నాకిప్పటికీ తెలియదు.

ఇక నీ చివరి ప్రశ్న. బాబాయి ఎట్టకేలకు నీకు చెక్కపని అప్పగించాడే, ఏం చేసి మెప్పించావు అన్నావు. ఆ ముక్క చదివినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

కార్లు కడిగి తుడిచే మా షాపులో బాబాయే అందరికంటే పాత పనివాడు, కార్ల లోపలి చెక్కని ఆయన ఒక్కడే ముట్టుకుంటాడు. ఇప్పటి కార్లలో చాలావరకు చెక్కలా కనపడే ప్లాస్టిక్కే. నిజం చెక్క ఉన్న పాత కారు వస్తే మాత్రం అది బాబాయిదే. పొడి గుడ్డతో దుమ్ము తీస్తాడు. గట్టిగా పిండిన సబ్బుగుడ్డతో నారగీతల వెంట తుడుస్తాడు. తడి లోపలికి దిగకముందే ఇంకో గుడ్డతో ఒత్తేస్తాడు. నాకు ఏడాదిన్నర పాటు కార్లలో కాళ్ల కింద పరిచే పట్టాలు దులపడమే పని. ఎప్పుడడిగినా, "నీకు చెయ్యి కంటే ముందు కోపం లేస్తుంది, చెక్కకి అది పడదు" అనేవాడు. ఒళ్లు మండిపోయేది. వీడియోలు చూసి, అక్క వాళ్ల పాత బీరువా తలుపు మీద రుద్ది రుద్ది నా అంతట నేనే నేర్చుకున్నాను. ఆయన నేర్పకపోతే నాకు రాదా అనుకున్నాను.

మూడు వారాల కిందట ఒక పాత ఆకుపచ్చ కారు వచ్చింది. డాష్‌బోర్డు చెక్కకి లక్క పాలిష్, అది వేసింది కూడా బాబాయే. ఆయన సగం తుడిచి భోజనానికి వెళ్లాడు. మిగిలిన సగంలో ఎవరో కప్పు పెట్టిన జిగురు మరక గుండ్రంగా ఉంది. ఆయన వచ్చేలోపు దాన్ని పోగొట్టి చూపిద్దామని స్పిరిట్ తీశాను. ఊరికే పూయలేదమ్మా. కనపడని చోట ముందు పరీక్షించాలని నాకు తెలుసు. గ్లవ్ బాక్సు మూత అంచు మీద రెండు నిమిషాలు స్పిరిట్ దూది ఉంచాను. అదే రంగు, అవే నారగీతలు. ఏమీ కాలేదు. అప్పుడే మరక మీద అద్దాను. మూడోసారి రుద్దేసరికి మెరుపంతా కరిగి గుడ్డకి వచ్చేసింది. అరచేతంత మేర చెక్క పాలు ఒలికినట్టు తెల్లబారింది.

గుడ్డ ఆయన బల్ల మీద పడేసి, వెనక కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుగుతూ నిలబడ్డాను. చేతులకేమీ అంటలేదు. అయినా కడిగాను.

ఆయన సబ్బునీళ్ల సీసా, స్పిరిట్ సీసా ఒకేలా ఉంటాయి. యజమాని ఆ తెలుపు చూసి, కళ్లతో పాటు బుర్ర కూడా పోయిందా అని అందరి ముందూ అరిచాడు. బాబాయి కాదనలేదు. రెండు సీసాలనీ మార్చి మార్చి వాసన చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అడిగాడు.

"అమ్మాయ్, భోజనానికి వెళ్లేముందు స్పిరిట్ నేనే రాశానా? నువ్వేమైనా చూశావా?"

"నేను చూడలేదు బాబాయ్."

అంతే అన్నాను. ఆ తర్వాతి సోమవారం ఆయన కుంచెల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇక నువ్వే చూసుకో, నాకు గుర్తుండటం లేదు అన్నాడు. మళ్లీ షాపుకి రాలేదు. నీకు రాసిన శుభవార్త అదే.

ఈ ఉదయం పెట్టె పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది పిన్ని. గోడ నిండా చీటీలు. గ్యాసు ఆపాను. మందు వేసుకున్నాను. తలుపు గడియ పెట్టాను. అన్నీ ఆయన రాతే. "నిలబడితే నాకూ ఒకటి అతికిస్తాడు, అందుకే తిరుగుతూనే ఉంటున్నా" అని పిన్ని నవ్వబోయింది, నవ్వు రాలేదు. వచ్చే వారం తలకి పరీక్షలట. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. గుమ్మం వైపు ఒక అడుగు వేశాను కూడా.

"స్పిరిట్ రాసింది నేను బాబాయ్. మీరు కాదు."

ఆయన తిట్టలేదు. గోడ మీది చీటీలకేసి చూసి అడిగాడు.

"ముందు పరీక్షించలేదా?"

"గ్లవ్ బాక్సు మూత మీద చూశాను. ఏమీ కాలేదు."

"ఎందుకవుతుంది, అది ప్లాస్టిక్కు, స్పిరిట్‌కి కరిగే లక్క దాని మీద లేదు. అసలుది విరిగితే తొమ్మిదేళ్ల కిందట నేనే వేశాను. రంగు కలపడానికి రెండు రోజులు పట్టింది. బిగించిన స్క్రూలు కూడా మూడే, నాలుగోది దొరకలేదు..."

అక్కడ ఆగిపోయాడు. ఆ స్క్రూ సంగతి దాకా తనకి గుర్తుందని ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది. పిన్ని నేల మీద కూలబడింది.

"మూడు వారాలు" అన్నాడు. "నా పేరు కూడా ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను, తెలుసా?"

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెతుక్కున్నాను, నేను తప్ప ఎవరూ దొరకలేదు. పెట్టె అక్కడ పెట్టమన్నాడు. రేపు యజమానికి నువ్వే చెప్పు, నేను వస్తాను గానీ నోరు విప్పను అన్నాడు. పని పోతుంది, అది ఖాయం. దానికి కాదు భయం. ఆయన అందరి ముందూ పడ్డ మాటలు అందరి ముందూ నేను పడాలి, అప్పుడు ఆయన నా వైపు ఎలా చూస్తాడో అని భయం.

పొద్దున్నే వచ్చి షాపుకి తీసుకెళ్తాను బాబాయ్ అన్నాను.

"ఎందుకు, దారి నాకు తెలుసు" అని తలుపు వేసేశాడు.

రేపు తొమ్మిదింటికి.

ఇట్లు,
నీ చిన్న కూతురు